రైఫిల్ కాదు, దోనాలి

మా నాయినను కాల్చిన తుపాకికి రెండు గొట్టాలు. సినిమా వాళ్లు మా ఊరికి తెచ్చిన తుపాకికి ఒకటే గొట్టం. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. కానీ ఇంతే చెబితే ఎవరికీ అర్థం కాదు కాబట్టి మొదటినుంచి రాస్తున్నాను. రాయడం నాకు కొత్త. నాలుగో తరగతితో నా చదువు ఆగిపోయింది. పలక పోయి చేతికి కొడవలి వచ్చింది. కానీ చెప్పకపోతే కడుపులో మంట ఆరదు.

మా ఊరు ధర్మసాగర్ చెరువు అవతల. పెళ్లయ్యాక వరంగల్ వచ్చాను. నా పెనిమిటి ధాన్యం మార్కెట్లో హమాలీ. నేను మిర్చి కొట్లలో తొడిమలు తీసే పనికి పోయేదాన్ని. తొడిమలు తీసిన చేతులు ఎంత కడిగినా మంట పోదు. ఆ చేతులతో అన్నం కలిపి పెడితే పిల్లలు ఏడ్చేవాళ్లు. మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, నా తమ్ముడి దగ్గర ఊళ్లోనే ఉండేది.

నాయిన పోయినప్పుడు నాకు మూడేళ్లు. తమ్ముడు అవ్వ కడుపులో ఉన్నాడు. నిజాం రాజ్యం ఆఖరికి వచ్చిన రోజులు. నాకు ఆయన మొహం కూడా గుర్తు లేదు. అంతా అవ్వ చెప్పిందే.

మా ఊరి దొర గడిలో, అంటే కోటలాంటి ఆయన ఇంట్లో, దసరా నాడు ఒక పద్ధతి ఉండేది. వాకిట్లో మంచం వేసి, తెల్లగుడ్డ పరిచి, దాని మీద కత్తులు, బల్లేలు పెట్టేవారు. నడుమ దొర తుపాకి. దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఊళ్లో ఇంటికొకరు కోడిని పట్టుకొని వచ్చి ఆ తుపాకికి మొక్కాలి. దొర పక్కనే కుర్చీలో కూర్చొని ఎవరు ఎంత వంగారో చూసేవాడు. రెండు నాళాల తుపాకి కాబట్టి దాన్ని దోనాలి అనేవాడు. మేమూ అదే పేరు అన్నాం. అది వేట తుపాకి. తోటా పేలితే ఒక్క గుండు రాదు, శనగ గింజలంత సీసపు ముక్కలు గుప్పెడు వస్తాయి. మావాళ్లు వాటిని ఛర్రలు అంటారు.

ఆ ఏడు మా నాయిన కోడిని తీసుకుపోలేదు. మొక్కలేదు. పిలిపిస్తే గడి ముందు నిలబడి అందరూ వినేటట్టు అన్నాడట, "నాగలికి మొక్కుత. కొడవలికి మొక్కుత. మనిషిని సంపేదానికి నేనెందుకు మొక్కాలె?" ఆయన పక్కన నిలబడి పక్కింటి ఆయన కూడా మొక్కనన్నాడు. పక్కింటి ఆయన తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. ఆయన భార్యను నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని.

పంట కల్లానికి వచ్చింది. కల్లం గడి వెనక గోడకు ఎదురుగా ఉంటుంది. ఒకరోజు పొద్దున నాయిన, పక్కింటాయన అక్కడ వడ్లు తూర్పార పడుతున్నారు. దొర గోడ దగ్గర నిలబడి పేల్చాడు. నాయిన వడ్ల కుప్ప మీదే పడిపోయాడు. పక్కింటాయనకు కాలంతా ఛర్రలు దిగాయి. చచ్చేదాకా కుంటుతూ నడిచాడు. ఎవరడిగినా తాటిచెట్టు మీంచి పడ్డానని చెప్పమని గడి నుంచి మాట వచ్చింది. అదే చెప్పాడు.

నాయినకు స్నానం చేయించింది అవ్వే. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె తన వేళ్లనే చూసుకునేది. "ఏలు పట్టేటంత బొక్క గాదు బిడ్డా. శెనిగ గింజంతంత. రొమ్మంత జల్లెడ. పసుపు రాస్తాంటె ఏళ్లకు సీసం తగిలింది."

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే మిలట్రీ వచ్చింది, నిజాం పోయాడు. దొర తలమీదికి తెల్లటోపీ వచ్చింది. ఊరి మొదట్లో ఒక రాయి పాతించాడు, రజాకార్ల చేతిలో ప్రాణాలిచ్చిన వాళ్ల జ్ఞాపకమని. దాని మీద మొదటి పేరు మా నాయినది. కింద రాయి పాతించిన దొర పేరు, ఇంకా పెద్ద అక్షరాల్లో. నేను చదవడం నేర్చుకున్నాక కూడబలుక్కొని చదివిన మొదటి రాత ఆ రాయి మీదిదే. సంతోషంగా ఇంటికి ఉరికొచ్చి, "నాయినను రజాకార్లు సంపిండ్రట గదనే" అన్నాను. అవ్వ నా నోరు మూసింది. తలుపు వేసింది. అప్పుడు చెప్పింది.

రజాకార్లు మంచివాళ్లని నేను అనడం లేదు. మా చుట్టుపక్కల ఊళ్లు తగలబెట్టారు, మా ఊరికీ వచ్చారు. వాళ్ల పాపాలు వాళ్లకు చాలా ఉన్నాయి. మా నాయిన చావు మాత్రం ఆ పాపాల్లోది కాదు. దొర తన పాపాన్ని తీసి వాళ్ల మూటలో కలిపేశాడు. మూట ఎట్లాగూ పెద్దది, ఎవరు విప్పి చూస్తారు?

ఎనభైల మొదట్లో సినిమా వాళ్లు వచ్చారు. నిజాం కాలపు పోరాటం మీద యుద్ధం సినిమా తీస్తున్నారట. దొర వాళ్లకు గడి ఇచ్చాడు, బండ్లు ఇచ్చాడు, భోజనాలు పెట్టించాడు, కథ కూడా ఆయనే చెప్పాడు. ఊళ్లో జనానికి వేషాలిస్తున్నారని తమ్ముడు కబురు పెడితే నేనూ వచ్చాను. డైరెక్టరు వరుసలో నిలబడ్డ ఆడవాళ్లను చూసి నన్ను వేలు చూపి పిలిచాడు. కల్లంలో మొగుడు చచ్చిపోతే మీదపడి ఏడ్చే ఆమె వేషం నాకు దొరికింది. మా అవ్వ వేషం అన్నమాట. చిన్నమ్మకు వెనక నిలబడి గుండెలు బాదుకునే పని.

తుపాకులు పెట్టెల్లో వచ్చాయి. వాటిని చూసుకునే మనిషిని అందరూ మాస్టరు అనేవారు. మద్రాసు నుంచి వచ్చాడు, కోస్తా మాట. మంచి మనిషే. తుపాకులంటే ప్రాణం. గడి అరుగు మీద గోనె పరిచి ఒక్కొక్కటి తుడుస్తుంటే నేను పోయి దగ్గర కూర్చున్నాను.

"చూశావా అమ్మా, ఇది కర్రే. కానీ ఎవరూ పట్టుకోలేరు. నిజాం పోలీసుల రైఫిల్ ఇలాగే ఉండేది. ఈ పట్టీ, ఈ మర, ఈ కొక్కెం, అన్నీ పాత ఫొటోలు చూసి చేయించాను. సినిమాల్లో ఏదో ఒక తుపాకి పట్టుకుని నిలబడిపోతారు. నా దగ్గర అలా కుదరదు."

"దీంతోని ఎవలు కాలుస్తరు సారూ?"

"రజాకార్ల నాయకుడు. కల్లంలో నీ మొగుణ్ని."

"కల్లంల కాల్చింది దీంతోని గాదు" అన్నాను. నోరు దానంతట అదే తెరుచుకుంది. "దానికి రెండు గొట్టాలుండె. దోనాలి."

మాస్టరు గుడ్డ పక్కన పెట్టాడు. "రజాకార్ల దగ్గర షాట్‌గన్ ఉండేదా?"

"నేను రజాకార్లన్ననా?"

ఆయన నా మొహం చూశాడు. ఏమీ అర్థం కాలేదు పాపం. తుపాకి సరిగ్గా ఉండాలన్నదే ఆయన పట్టుదల. లేచి నేరుగా పోయి ఎవరిని అడగాలో వాళ్లనే అడిగాడు, దొరను. "ఆ రోజు కాల్చింది డబుల్ బ్యారెల్ అంటున్నారండీ ఒకావిడ, నిజమేనా?" అని.

పొద్దు గూకకముందే గడి గుమాస్తా మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందే, వరంగల్ నీళ్లు తాగి నోరు లేసిందా? రెండు గొట్టాలు, మూడు గొట్టాలు అని ఎవనికో జెప్తానవట. మీ తమ్ముని బాయికాడికి కరెంటు తీగ ఎక్కడికెల్లి పోతదో ఎర్కేనా? గడి ముంగట్నుంచే. జర యాది పెట్టుకో."

నేను ఏదో అనబోయాను. అవ్వ నన్ను వెనక్కి నెట్టి రెండు చేతులూ జోడించింది. "పిల్లకు తెల్వదయ్యా. సిన్నగ ఉండె అప్పుడు. రజాకార్లే. నా కండ్లార సూసిన, రజాకార్లే."

గుమాస్తా పోయాడు. అవ్వ చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. వాటిని విడదీసి కింద పెట్టడం ఆమె మరిచిపోయినట్టుంది. తన ఇంట్లో, తన గుమ్మంలో, తన మొగుణ్ని చంపినవాడి అబద్ధాన్ని తనే చెప్పింది. ఆ చేతులు చూసినప్పుడు నాకు పుట్టిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

"అవ్వా, రాయి అంటె మనూరోళ్లే సూస్తరు. సినిమా దేశమంత సూస్తది. సినిమాల పడ్డంక ఇగ గదే నిజమైతది. నా మనుమలు గూడ గదే నమ్ముతరు."

"నమ్మనియ్. మీ నాయిన లేసొస్తడా?"

"రాడు. గని వాడు తలెత్తుకొని తిరుగుతాండు గద."

అవ్వ పొయ్యిలో పుల్ల లోపలికి తోసి అంది. "నేను సచ్చేలోపల వాని నోట్లకెల్లి ఒక్కపారి ఇనాలనుంటది. నేనే కొట్టిన అని. గంతే. వాడు జెప్తడా, నేనింటనా."

ఆ మాట నన్ను పట్టుకుంది. మేము చెబితే కరెంటు తీగ తెగుతుంది. వాడే చెబితే ఎవరి తీగ తెంపుకుంటాడు?

దొరను చిన్నప్పటినుంచి చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఆయనను తిట్టినా ఓర్చుకునేవాడేమో గానీ దోనాలిని చిన్నచూపు చూస్తే ఓర్చుకోలేడు. ఒకసారి పెళ్లిలో చుట్టమొకాయన "తుప్పు గిట్ల పట్టిందా మామా" అని అడిగినందుకు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. మొక్కేవాళ్లు తగ్గిపోయినా దసరా నాడు మంచం వేయడం మానలేదు. వయసైపోయింది, కండ్లు సరిగ్గా కనబడవు, అయినా దాన్ని రోజూ తనే తుడుచుకునేవాడు.

చిన్నమ్మ దగ్గరికి పోయాను. ఆమె మొగుడు అప్పటికి పోయాడు. ఆమె నోటికి ఊళ్లో అందరూ భయపడతారు, గడి వాళ్లు తప్ప.

"చిన్నమ్మా, రేపు కల్లంల సీను. దొర కుర్చీ ఏసుకొని కూసుంటడు. మనం ఆయన్ను ఒక్క మాటనొద్దు. దోనాలిని అనాలె."

"దోనాలిని ఏమనాలె?"

"అది ఉత్తదనాలె. దాంతోని పిట్ట గూడ సావదనాలె."

చిన్నమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. ఆమెకు ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. "ఇన్నేండ్ల సంది నా నాలుక దురద పెడ్తాంది బిడ్డా. రేపు గోక్కుంట" అంది.

అవ్వను కూడా రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. చెబితే వచ్చేది కాదు. నాకు సద్దిగిన్నె తెమ్మన్నాను, అంతే.

మర్నాడు కల్లంలో కెమెరా పెట్టారు. వడ్ల కుప్ప పోశారు. నాయిన వేషం వేసిన కుర్రవాడు కుప్ప పక్కన కూర్చొని బీడీ తాగుతున్నాడు. డైరెక్టరు కెమెరా మనిషితో ఎండ గురించి మాట్లాడుకుంటున్నాడు. జనం, అంటే వేషాలు వేసిన మా ఊరివాళ్లం, చింతచెట్టు నీడలో కూర్చున్నాం. దొర పేము కుర్చీలో, పక్కన గొడుగు పట్టుకొని గుమాస్తా. మాస్టరు మాకూ దొరకూ మధ్యలో రైఫిల్‌కు పట్టీ బిగిస్తున్నాడు. అవ్వ సద్దిగిన్నె తెచ్చి నా వెనక కూర్చుంది.

దొరకు వినబడేటట్టు గట్టిగా అడిగాను.

"మాస్టరు సారూ, దోనాలి తుపాకి ఎట్లుంటది, మంచిదేనా?"

ముందురోజు ఆయనకు గడిలో ఏం చెప్పారో ఏమో, నవ్వాడు. "మళ్లీ అదేనా అమ్మా? దొరగారు చెప్పారులే, ఆ రోజు రైఫిలే అని."

"రైఫిలే, రైఫిలే. నేనే పొరపడ్డ" అన్నాను. "మా దొరకాడ దోనాలి ఉంటె, దాన్ని యాది జేసుకొని అన్న. ఎంత పిచ్చిదాన్ని! గా దోనాలితోని మనిషి సస్తడా?"

చిన్నమ్మ అందుకుంది. "తుపాకేందే అది. దసరనాడు పసుపు కుంకుమ పెట్టించుకునేతందుకే ఉన్నది. మా బర్రె కొమ్ములకు గూడ పెడ్తం. బర్రె ఎవన్నన్న పొడిశిందా?"

ఆడవాళ్లు పక్కున నవ్వారు. వాళ్లకు మా సంగతి తెలియదు, చిన్నమ్మ మాటకు నవ్వారు. మాస్టరు కూడా నవ్వాడు.

"అవి పిట్టల తుపాకులమ్మా. కొంగలు, కుందేళ్లు. మనిషిని పడగొట్టాలంటే ఇదిగో, ఇలాంటిది ఉండాలి" అని రైఫిల్ ఎత్తి చూపించాడు.

"గదే గద నేననేది" అన్నాను, దొర వైపు చూడకుండా. "మా దొర పేరుకే పట్టుకొని తిరిగిండు. దసరకు మొక్కనోళ్లను గూడ ఏం జెయ్యలేకపాయె. అసలు పని జేసినోళ్లు రజాకార్లు. మొగోళ్లు."

కుర్చీ కిర్రుమంది.

"ఏందే, మిరపకాయ తొడిమెలు గిల్లేదానా." దొర లేచి నిలబడ్డాడు. "నీకేం ఎర్కనే దోనాలి గురించి?"

"నాకేం ఎర్క దొరా. సారు జెప్తాండు, కొంగలే పడ్తయట."

"కొంగలు! పోరా, లోపల్నుంచి దోనాలి పట్కరా."

గుమాస్తా ముసలివాడే గానీ తెలివైనవాడు. "ఎండ ఎక్కువున్నది దొరా, లోపలికి పోదాం" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకొని పట్కరా!"

దోనాలి వచ్చింది. పిడి మీద వెండి రేకు, కుంకుమ మరకలు. దొర దాన్ని చేతిలోకి తీసుకోగానే నడుము నిటారైంది. నిజం చెబుతున్నాను, పదేళ్లు తగ్గినట్టు కనబడ్డాడు. మాస్టరు ముచ్చటగా దగ్గరికి వచ్చాడు.

"సూడు మాస్టర్, నీ రైఫిల్ల ఒక్కటే గుండు. తప్పితే తప్పినట్టే. దీనికి తప్పుడు లేదు. ఛర్రలు ఇట్ల ఇడిపోతయి." చెయ్యి చాపి గాలిలో వేళ్లు విప్పి చూపించాడు. "ఒక్క దెబ్బకు ఇద్దరు. ఒకడు ఆడనే పడె. ఒకనికి కాలు పాయె. కుడి నాలి ఒక్కటే ఒత్తిన. ఎడమ నాలిల తోటా అట్లనే ఉండె."

"వేటలోనా అండీ?"

"ఏటేంది! గీడనే." రెండడుగులు వేసి గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. దోనాలి భుజానికి ఆనించాడు. గొట్టాలు సూటిగా వడ్ల కుప్ప మీదికి తిరిగాయి. కుర్రవాడు బీడీ పారేసి పక్కకు జరిగాడు. "నేను గీడ. వాడు గాడ, సేటతోని తూర్పార పడ్తాండు. మొక్కురా అంటె మొక్కనన్నడు, ఊరందరి ముంగట. దోనాలికి మొక్కనోనికి దోనాలి ఎట్లుంటదో సూపెట్టిన. కొంగలట, కొంగలు!"

ఎవరూ నవ్వలేదు. మా ఊరివాళ్లు ఎంతమంది అక్కడున్నారో అంతమందీ విన్నారు. గుమాస్తా చేతిలో గొడుగు ఒరిగిపోయింది.

నా వెనక అవ్వ లేచింది. సద్దిగిన్నె కింద పెట్టింది. కొంగు సవరించుకుంది. ఆమె గొంతు పెద్దది కాదు, అయినా అందరికీ వినబడింది.

"రజాకార్లంటివి గద దొరా."

దొర దోనాలి దించాడు. మొదట ఆమె ఎవరో ఆయనకు తెలియలేదు. తెలిశాక ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రజాకార్లంటివి గద. నా తోని గూడ అనిపిస్తివి."

చిన్నమ్మ ముందుకొచ్చింది. "నా మొగడు తాటిచెట్టు మీదికెల్లి పడ్డడంటివి. గా తాటిచెట్టుకు సీసపు కాయలు కాసినయా దొరా? సెప్పు. సచ్చిందాక ఆయిన కాల్లకెల్లి ఏరుకుంటనే ఉన్న."

"సినిమా గురించి జెప్తాన్న" అన్నాడు దొర. "సినిమాల ఎట్ల తియ్యాల్నో జెప్తాన్న." మాస్టరు వైపు చూశాడు. మాస్టరు తల దించుకొని తన రైఫిల్‌నే చూస్తున్నాడు. గుమాస్తా దొర రెక్క పట్టుకొని గడిలోకి తీసుకుపోయాడు. పోతుంటే దోనాలి గొట్టాలు నేల మీద గీసుకుంటూ పోయాయి. నాకు జాలి కలగలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా వెతికి చూసుకున్నాను, లేదు.

అవ్వ మళ్లీ కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. సద్దిగిన్నె మూత తీసి నా చేతికిచ్చింది. "తిను బిడ్డా. ఇన్న" అంది. విన్నాను అని. అంతే.

నేను డైరెక్టరు దగ్గరికి పోయి తుపాకి మార్చమని అడిగాను. ఆయన మంచిగానే మాట్లాడాడు. "అమ్మా, గడి ఆయనది. ఇంకా సగం సినిమా ఇక్కడే తీయాలి. ఇప్పుడు నేను దొరను విలన్ని చేస్తే రేపు పొద్దున కెమెరా ఎక్కడ పెట్టను?" మాస్టరు ఆ సీనుకు రైఫిల్ తెచ్చి రజాకారు వేషం వేసినవాడి చేతిలో పెట్టేటప్పుడు నా వైపు చూడలేదు. కుర్రవాడు కుప్ప మీద పడ్డాడు. నేను మీద పడ్డాను. "ఏడవమ్మా, ఏడువు" అని డైరెక్టరు అరుస్తున్నాడు. ఏడుపు రాలేదు. ఖాళీ పేము కుర్చీ కనబడుతుంటే ఏడుపెలా వస్తుంది? చివరికి నా మొహం కనబడకుండా వీపు వైపునుంచి తీసుకున్నారు.

తమ్ముడి బావి దగ్గర కరెంటు తీగ తెగింది, అనుకున్నదే. ఆ యాసంగి పంటకు పక్క చేనివాళ్లు తమ మోటారు నుంచి నీళ్లు పారించారు, అడక్కుండానే. ఆ దసరాకు గడి వాకిట్లో మంచం వేశారట, గుడ్డ పరిచారట, దండ వేశారట. మధ్యాహ్నం దాకా ఒక్క కోడి రాలేదు. చిన్నమ్మ వరంగల్ మార్కెట్ దాకా నడిచొచ్చి నాకు చెప్పింది ఆ మాట. దండ ఎండిపోయేదాకా ఆయన కుర్చీలో కూర్చున్నాడని చెప్పింది. నేను తొడిమలు తీస్తూ మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాను.

అయినా నాకు సరిపోలేదు. సినిమా ఇంకా మిగిలి ఉంది కదా.

సినిమా వరంగల్‌లో ఆడినప్పుడు ఊరు ఊరంతా ట్రాక్టరెక్కి మ్యాట్నీకి వచ్చింది. అవ్వ, చిన్నమ్మ, తమ్ముడు, నేను, నా పెనిమిటి, అందరం నేల టికెట్టులో కూర్చున్నాం. దొరను టాకీసు వాళ్లు పిలిచి బాల్కనీలో ముందు వరుసలో కూర్చోబెట్టారు. మెడలో దండ కూడా వేశారు. కథ ఇచ్చిన పెద్దమనిషి కదా. పట్నంలో తన మాట చెల్లుతుందనుకున్నాడేమో, వచ్చాడు.

కల్లం సీను వచ్చింది. రజాకారు రైఫిల్ ఎత్తాడు. పట్టీ, మర, కొక్కెం, అన్నీ మాస్టరు చెప్పినట్టే ఉన్నాయి. పేలకముందే నా పక్కనుంచి చిన్నమ్మ గొంతు లేచింది.

"గది గాదుర! దోనాలి!"

ఇంకెవరో అందుకున్నారు. "రైఫిల్ గాదు, దోనాలి! దొర దోనాలి!" నేను కూడా లేచి నిలబడ్డాను. మా ఊరంతా లేచింది. "దోనాలి! దోనాలి!" తెర మీద కుర్రవాడు పడిపోయాడు, ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు. మా ముందు కూర్చున్న పట్నంవాళ్లు "ఏమైందన్నా, ఏం లొల్లి?" అని అడిగారు. మావాళ్లు చెప్పారు. వాళ్లు వాళ్ల పక్కవాళ్లకు చెప్పారు. నేల నుంచి బెంచీకి, బెంచీ నుంచి కుర్చీకి పాకింది. ఇంటర్వెల్‌కు లైట్లు వేసేసరికి హాలంతా పైకి చూస్తోంది.

"గా దండ ఏసుకున్నాయనేనట."

"గాయనేనా? ఇద్దర్ని కొట్టిండా?"

"ఆయన్నోటనే జెప్పిండట, కల్లంల నిలబడి."

దొర దండ తీసి పక్క కుర్చీలో పెట్టి లేచాడు. గుమాస్తా వెంట మెట్లు దిగాడు. కింద సమోసాలు కొనేవాళ్లు, బీడీ ముట్టించుకునేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడి చూస్తున్నారు. ఆఖరి మెట్టు దగ్గర మా అవ్వ ఉంది. నీళ్లు తాగడానికి వచ్చింది. జీవితమంతా గడి వాళ్లు ఎదురైతే చెప్పులు విప్పి గోడకు ఒదిగి నిలబడ్డ మనిషి.

"జరుగు" అన్నాడు దొర.

అవ్వ జరగలేదు. గ్లాసులో నీళ్లు తాపీగా, చివరి చుక్క దాకా తాగింది. దొర గోడకు చెయ్యి ఆనించుకొని, ఒదిగి, ఆమె పక్కనుంచి దిగిపోయాడు.

"ఇంకెంత సేపుంటది బిడ్డా సినిమా?" అని నన్ను అడిగింది అవ్వ.

"సగమున్నదే. పోదామా ఇంటికి?"

"ఎందుకు పోవుడు? టికెట్ కొన్నం గద. సూద్దాం పా."

లోపలికి పోయి కూర్చున్నాం. రెండో సగమంతా యుద్ధమే. మిలట్రీ, పోలీసులు, నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్లు, ఎవరి చేతిలో చూసినా మాస్టరు చేయించిన రైఫిళ్లే. తెర మీద తుపాకి పేలినప్పుడల్లా నేలలోవాళ్లు తలలు వెనక్కి తిప్పి బాల్కనీలో ఆ ఖాళీ కుర్చీని చూశారు. నేనైతే తెర వైపు తిరగనే లేదు.